జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల (శంషాబాద్ ప్రాంతం)

హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే 44వ జాతీయ రహదారి మీద, నగరానికి దక్షిణాన ఉన్న శంషాబాద్‌లోనూ, రంగారెడ్డి జిల్లాలో దాని చుట్టుపక్కల ఊళ్లలోనూ ఆరు నుంచి పదో తరగతి వరకు ఉచితంగా చదువు చెప్పే సర్కారు బడులే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు. ఊళ్లో వీటిని హైస్కూలు అనో, పెద్ద బడి అనో అంటారు. విమానాశ్రయం వచ్చాక ఈ ప్రాంతపు భూమి, బతుకుతెరువు, జనాభా అన్నీ మారాయి. బడి యాజమాన్యం పేరు మాత్రం 1959 నాటిదే. ఎవరి భాషలో చెప్పాలి, ఎవరు నడపాలి, పంతుళ్లు ఎక్కణ్నుంచి రావాలి అన్న మూడు ప్రశ్నలకు ఒక్కో తరం ఇచ్చుకున్న జవాబులే ఈ బడి చరిత్ర. అందుకే శంషాబాద్ హైస్కూలు కథను ఆ ఊరి పొలిమేరలకే పరిమితం చేసి చెప్పడం కుదరదు.

పైగా అమీర్ల కాలం

నిజాం రాజ్యంలో శంషాబాద్ పైగా అనే జాగీర్దారు వంశపు అమీర్ల ఏలుబడిలో ఉండేది. ఆ వంశపు బిరుదు శంసుల్ ఉమరా. ఊరి పేరు కూడా దాని నుంచే వచ్చిందని చెబుతారు. రెండో శంసుల్ ఉమరా ఫక్రుద్దీన్ ఖాన్‌కు శాస్త్రాలంటే ప్రాణం. పందొమ్మిదో శతాబ్దం మొదటి భాగంలోనే నగరంలో మదర్సా ఫక్రియా అనే బడి పెట్టించాడు. సొంత అచ్చుయంత్రం తెప్పించి, యంత్రశాస్త్రం, ఖగోళం, గాలి, నీరు, కాంతి వంటి విషయాల మీద పాశ్చాత్య గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేసి ‘సిత్తా షంసియా’ పేరుతో వెలువరించాడు. ఆధునిక విజ్ఞానాన్ని ఒక భారతీయ భాషలో పాఠ్యపుస్తకాలుగా తేవడానికి జరిగిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. దురదృష్టమేమంటే ఆ వెలుగు కోటగోడల లోపలే ఉండిపోయింది. పన్ను కట్టిన పల్లెలకు అది చేరలేదు. పైగాల ఇలాకాలకు సొంత కచేరీలు, సొంత వసూళ్లు ఉండేవి. రైతు బిడ్డకు మాత్రం ఊళ్లో దొరికితే దొరికింది వీధిబడి, లేదంటే అదీ లేదు.

రాజ్యంలో ఆధునిక విద్య అంతా మొదట నగరంలోనే మొలిచింది. 1834లో సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు, మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న 1850ల్లో దారుల్ ఉలూం, 1870ల్లో మదర్సా ఆలియా వచ్చాయి. చదువుకోవాలంటే దారి పట్టి పట్నం పోవాల్సిందే. శంషాబాద్ దాటి ఇదే దారిలో ఉన్న షాద్‌నగర్ దగ్గరి బూర్గుల గ్రామానికి చెందిన బూర్గుల రామకృష్ణారావు కూడా ఉన్నత పాఠశాల చదువుకు హైదరాబాదే పోయాడు. ఆ తరువాత పుణేలో ఫెర్గుసన్ కళాశాలలో చదివి, వకీలై, 1950లో హైదరాబాదు రాష్ట్ర విద్యాశాఖ చూసి, 1952లో ముఖ్యమంత్రి అయ్యాడు. పట్నంలో ఉండటానికి చోటు, తిండి ఏర్పాటు చేసుకోగల ఇంటి పిల్లలకే ఆ దారి తెరిచి ఉండేది.

సర్కారు బడుల్లో అప్పట్లో మూడు మెట్లు. తహతానియా అంటే ప్రాథమిక బడి, వస్తానియా అంటే నడిమి బడి, ఫౌఖానియా అంటే ఉన్నత పాఠశాల. పల్లెకు తహతానియా వస్తే గొప్ప. ఫౌఖానియాలు జిల్లా కేంద్రాలకు, పెద్ద తాలూకా పట్నాలకు దక్కేవి. పై మెట్లలో బోధన ఉర్దూలో సాగేది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తరగతులు ఉర్దూ మాధ్యమంలో మొదలయ్యాక ఆ పద్ధతి ఇంకా గట్టిపడింది. దేశభాషలో విశ్వవిద్యాలయ స్థాయి చదువు చెప్పిన ఘనత ఉస్మానియాది, అందులో సందేహం లేదు. కానీ తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే ఇళ్ల పిల్లలకు ఉర్దూ కూడా నేర్చుకోవాల్సిన భాషే. సి. నారాయణరెడ్డి తరం రచయితలు ఉర్దూలో చదువుకుంటూ తెలుగు సాహిత్యాన్ని సొంతంగా వెతుక్కుని నేర్చుకున్నారు. ఆ తరంలో మెరిసిన పేర్లు మనకు గుర్తుంటాయి. భాష అడ్డుపడి నాలుగైదు తరగతులకే పలక పక్కన పెట్టినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

తెలుగులో బడి పెట్టుకోవడమూ అంత తేలిక కాలేదు. 1920ల్లో ఖానగీ మదర్సాల మీద, అంటే ప్రైవేటు బడుల మీద, సర్కారు నిబంధనలు బిగించింది. అనుమతి లేనిదే బడి తెరవరాదు. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి సభ జరుపుకున్న నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభ ఈ నిబంధనల రద్దు కోసం ఏళ్ల తరబడి తీర్మానాలు చేశాయి. మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో ఆంధ్ర బాలికా పాఠశాలను తెలుగు మాధ్యమంలో నిలబెట్టాడు. ఉస్మానియా గుర్తింపు దొరక్కపోవడంతో ఎక్కడో పుణేలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి దాన్ని అనుబంధించాల్సి వచ్చింది. హైదరాబాదులో తెలుగు పిల్లకు తెలుగులో పరీక్ష రాసే హక్కు పుణే నుంచి తెచ్చుకోవాల్సిన రోజులవి.

పంతుళ్ల కొరత, 1952

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత రాజ్యం భారత యూనియన్లో కలిసింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనంతో పైగాల పాలనా పోయింది. కొత్త బడులు తెరుచుకున్నాయి, బోధన ప్రాంతీయ భాషల్లోకి మళ్లింది. ఇక్కడే చిక్కు వచ్చిపడింది. ఉన్న పంతుళ్లలో చాలామంది ఉర్దూలో చదివి ఉర్దూలో చెప్పినవాళ్లు. తెలుగులో, ఇంగ్లీషులో చెప్పగలిగేవాళ్ల కోసం అప్పటి మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాల వైపు చూశారు. అక్కణ్నుంచి వచ్చినవాళ్లలో కొందరు తప్పుడు ముల్కీ, అంటే స్థానికత, సర్టిఫికెట్లతో ఉద్యోగాలు పట్టారన్న ఆగ్రహం 1952లో వరంగల్లులో విద్యార్థుల ఆందోళనగా మొదలై హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరు మొదటి వారంలో సిటీ కాలేజీ పరిసరాల్లో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. విచారణకు జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డిని నియమించారు.

తెలంగాణ రాజకీయ చరిత్రలో ఈ ఘట్టాన్ని ముల్కీ ఉద్యమంగా చదువుకుంటాం. దాని మొదట్లో ఉన్నది మాత్రం హైస్కూలు పంతులు ఉద్యోగం. పల్లె బడిలో నల్లబల్ల ముందు ఎవరు నిలబడాలన్న ప్రశ్న అంత దూరం వెళ్లింది. తరువాత 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికతను నేరుగా బడితోనే ముడిపెట్టాయి. నాలుగు నుంచి పదో తరగతి వరకు ఎక్కడ చదివితే అక్కడే స్థానికులు. 2018 ఉత్తర్వులతో అది ఒకటి నుంచి ఏడు తరగతుల్లో నాలుగేళ్లుగా మారింది. సర్కారు కొలువుకు దరఖాస్తు చేసే ప్రతివాడూ ఇప్పటికీ తన బడికి వెళ్లి స్టడీ సర్టిఫికెట్ రాయించుకోవాలి. హైస్కూలు బీరువాలో ఉండే అడ్మిషన్ రిజిస్టరుకు అంత విలువ ఉండటానికి కారణం ఇదే. పుట్టిన తేదీ, తండ్రి పేరు, కులం, చేరిన రోజు, వెళ్లిన రోజు అన్నీ అందులో ఉంటాయి. భూమి పట్టా లేని ఇంటికి ఈ ఊరివాళ్లమని చూపించుకోవడానికి చాలాసార్లు ఆ ఒక్క వరుసే ఆధారం.

జిల్లా పరిషత్ పేరు ఎలా వచ్చింది

1959లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం వచ్చింది. రాష్ట్రంలో ఈ వ్యవస్థ ప్రారంభోత్సవానికి వేదిక షాద్‌నగర్. శంషాబాద్ నుంచి అదే రోడ్డు మీద దక్షిణంగా పోతే వచ్చే ఊరు. ప్రాథమిక బడులు సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తు కిందికి వచ్చాయి. నేరుగా విద్యాశాఖే నడిపేవి ప్రభుత్వ ఉన్నత పాఠశాలలుగా విడిగా మిగిలాయి. నగరంలో ఎక్కువగా కనిపించేవి ఇవి. 1980ల మధ్యలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలు, సమితులు తీసేసి మండలాలు తెచ్చినప్పుడు ప్రాథమిక బడుల బోర్డుల మీద సమితి పోయి మండల పరిషత్ వచ్చింది. హైస్కూలు బోర్డు మారలేదు. జిల్లా మాత్రం అంతకుముందే మారింది. 1978 ఆగస్టు 15న హైదరాబాదు గ్రామీణ ప్రాంతాలను విడదీసి, కొండా వెంకట రంగారెడ్డి పేరుతో కొత్త జిల్లా ఏర్పాటు చేశారు. శంషాబాద్ బడులు ఆ జిల్లా పరిషత్తు ఆస్తి అయ్యాయి.

యాజమాన్యం జిల్లా పరిషత్తుదే అయినా ఈనాడు దాని చేతిలో ఉన్నది కొద్దిగానే. జీతాలు ఖజానా నుంచి వస్తాయి. నియామకాలు, బదిలీలు, పరీక్షలు విద్యాశాఖ చూస్తుంది. స్థలం, భవనం, ఉపాధ్యాయుల భవిష్యనిధి ఖాతాలు మాత్రం పరిషత్తు దగ్గరే ఉన్నాయి. ప్రభుత్వ ఉపాధ్యాయులకు, పంచాయతీరాజ్ ఉపాధ్యాయులకు ఒకే సర్వీసు నిబంధనలు ఉండాలా వద్దా అన్న వివాదం ఈ చీలిక నుంచే పుట్టి, దశాబ్దాల పాటు కోర్టుల్లో నలిగింది. పదోన్నతులు ఆగి, మండల విద్యాధికారి కుర్చీల్లో ప్రధానోపాధ్యాయులే ఇన్‌చార్జిలుగా కూర్చోవాల్సి వచ్చింది. ఒకే మనిషి తన బడిని, మండలంలోని బడులన్నింటినీ చూసుకోవడమంటే రెండింటికీ నష్టమే. 2018లో శంషాబాద్ పురపాలక సంఘమైంది. పట్టణమైనా బడి మీద జిల్లా పరిషత్ పేరు అలాగే ఉంది.

తరగతుల లెక్క కూడా ఒకప్పుడు వేరు. పదకొండు, పన్నెండు తరగతుల దాకా నడిచిన హయ్యర్ సెకండరీ, మల్టీపర్పస్ పద్ధతులు 1969 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియట్ రావడంతో క్రమంగా పోయాయి. పదో తరగతి హైస్కూలుకు ఆఖరి మెట్టయింది.

విమానాశ్రయం

2005 మార్చి 16న శంకుస్థాపన, 2008 మార్చి 14న ప్రారంభం, అదే నెల 23 నుంచి విమానాల రాకపోకలు. సుమారు 5,500 ఎకరాల్లో రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం వచ్చింది. అదే ఏడాది చివర ఔటర్ రింగురోడ్డు మొదటి భాగం గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా తెరిచారు. 2009 అక్టోబరులో మెహిదీపట్నం వైపు నుంచి పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. కొద్ది ఏళ్లలోనే ఈ ఊరు నగరపు ముఖద్వారమైంది. జొన్న, వరి, కూరగాయలు పండిన నేలలు గజాల లెక్కన అమ్ముడుపోయాయి. భూమి అమ్మిన కుటుంబాల్లో స్తోమత ఉన్నవాళ్లు పిల్లల్ని ప్రైవేటు బడుల బస్సులెక్కించారు. అప్పటిదాకా పటేలు కొడుకూ, పాలేరు కొడుకూ ఒకే బెంచీ మీద కూర్చున్న హైస్కూలు నుంచి మొదటి రకం పిల్లలు తప్పుకున్నారు. వాళ్లతోపాటు బడిని నిలదీసి అడగగలిగిన గొంతులూ పోయాయి. ఈ ప్రాంతపు ప్రభుత్వ విద్యకు జరిగిన పెద్ద నష్టం, నా దృష్టిలో, ఇదే.

ఖాళీ అయిన బెంచీలు ఎక్కువ కాలం ఖాళీగా లేవు. కట్టడం పనులకు, గోదాములకు, హోటళ్లకు, విమానాశ్రయంలో శుభ్రత, లగేజీ, కాపలా కాంట్రాక్టు పనులకు పాలమూరు నుంచి, ఉత్తర కర్ణాటక నుంచి, ఒడిశా, బీహారుల నుంచి కుటుంబాలు వచ్చాయి. ఇప్పుడు ఆరో తరగతి గదిలో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల, ఒడియా మాట్లాడే పిల్లవాడు, దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్ల పక్కపక్కనే కూర్చోవచ్చు. వీళ్లందరికీ తెలుగు వాచకం ఒకటే. పని ఎటు పోతే కుటుంబం అటు పోతుంది గనుక ఏడాది మధ్యలో టీసీ అడిగేవాళ్లు, టీసీ లేకుండా వచ్చి చేర్చుకోమనేవాళ్లు ఇద్దరూ ఉంటారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి దాకా కాగితం లేదని పిల్లల్ని వెనక్కి పంపకూడదు. ఈ నియమం ఎక్కడైనా నిజంగా పని చేసిందంటే ఇలాంటి బడుల్లోనే.

విమానాశ్రయం నిర్వహించే జీఎంఆర్ సంస్థకు చెందిన వరలక్ష్మి ఫౌండేషన్ చుట్టుపక్కల సర్కారు బడులకు కొంత సాయం చేస్తుంది, యువతకు వృత్తి శిక్షణ కూడా ఇస్తుంది. అవి మంచి పనులే. అంతమాత్రాన బడి బాధ్యత ఎవరి దాతృత్వానికో వదిలేయదగింది కాదు.

అన్నం, పుస్తకం, గంట

బడి సంవత్సరం జూన్ 12న మొదలై ఏప్రిల్ 23న ముగుస్తుంది. పొద్దున ప్రార్థనలో పిల్లలు చెప్పే ప్రతిజ్ఞను రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉంటూ 1962లో రాశాడు, ఆ తరువాత అది దేశమంతటా బడుల్లోకి వెళ్లింది. రోజూ దాన్ని పలికే పిల్లల్లో చాలామందికి రాసింది తెలుగువాడని తెలియదు. పాఠ్యపుస్తకంలో ఆయన పేరు కొంచెం పెద్ద అక్షరాల్లో ఉంటే బాగుంటుంది.

మధ్యాహ్నం గంట కొట్టాక వరుసలో నిలబడటం ఈ బడి జీవితంలో ముఖ్యమైన ఘట్టం. 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల తరువాత 2003 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ప్రాథమిక బడుల్లో వండిన భోజనం మొదలైంది. 2008 నాటికి తొమ్మిది, పది తరగతుల దాకా వచ్చింది. తొమ్మిది, పది తరగతుల ఖర్చు రాష్ట్రానిదే. 2015 జనవరి నుంచి తెలంగాణ ప్రభుత్వం సన్నబియ్యం ఇస్తోంది. వంట చేసేది ఊరి మహిళా సంఘాల వాళ్లు. బిల్లులు నెలల తరబడి ఆగినా, కిరాణా కొట్టులో అప్పు చేసి మరీ పొయ్యి ఆరనివ్వరు. 2023 అక్టోబరు 6న ముఖ్యమంత్రి అల్పాహార పథకాన్ని రాష్ట్రంలో మొదలుపెట్టింది కూడా ఈ ప్రాంతంలోనే, మహేశ్వరం మండలం రావిర్యాల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో. తెల్లవారుజామున పనికి పోయే తల్లి ఇంట్లో పొద్దుటి తిండి ఉండదన్న సంగతి పంతుళ్లకు ఎప్పటినుంచో తెలుసు. పదిన్నరకు కళ్లు తిరిగే పిల్లలను రోజూ చూసేది వాళ్లే.

భవనాల విషయానికొస్తే, 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన ‘మన ఊరు మన బడి’ కార్యక్రమం 26,065 బడులకు మూడు విడతల్లో రూ.7,289 కోట్లు అనుకుంది. మొదటి విడత 9,123 బడులు. మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు, ప్రహరీ, వంటగది, డిజిటల్ తరగతులు వంటి పన్నెండు అంశాలు పెట్టుకున్నారు. 2024 నుంచి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరుతో చిన్న మరమ్మతులను మహిళా సంఘాలకు అప్పగించారు. ప్రైవేటు బడికి లేనిది, జిల్లా పరిషత్ బడికి ఉన్నది మైదానం. వాణిజ్య సముదాయాల మేడ మీద నడిచే బడుల పక్కన కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడుకోవడానికి చోటున్న బడి ఒక ఆస్తి. శంషాబాద్ లాంటి చోట ఆ ఖాళీ స్థలం విలువ చూస్తుంటే, ప్రహరీ గోడ ఎందుకు అత్యవసరమో అర్థమవుతుంది.

మాధ్యమం మళ్లీ మారింది

2008-09లో సక్సెస్ పేరుతో వేలాది ఉన్నత పాఠశాలల్లో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచారు. తెలుగు మీడియంలో చదివి, తెలుగు మీడియంలో చెప్పిన పంతుళ్లే కొన్నాళ్ల శిక్షణతో భౌతికశాస్త్రం, సాంఘికం ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. 2022-23 నుంచి తెలంగాణలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులు మొత్తంగా ఇంగ్లీషు మాధ్యమంలోకి వెళ్లాయి, ఆపై ఏటా ఒక్కో తరగతి చొప్పున పది దాకా చేరింది. పుస్తకాల్లో ఒక పుట తెలుగు, ఎదురు పుట ఇంగ్లీషు. ఈ జంట పుస్తకం మంచి ఆలోచన. పిల్లవాడు తెలిసిన పుట నుంచి తెలియని పుటకు తానే నడవగలుగుతాడు. తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుకోవడంలోనూ తప్పులేదు. విమానాశ్రయం గేటు దగ్గర ఏ ఉద్యోగానికి ఏ భాష అడుగుతారో వాళ్లు కళ్లారా చూశారు. అయితే ఉర్దూ కాలం నేర్పిన పాఠాన్ని మరచిపోకూడదు. ఇంట్లో లేని భాషలో పాఠం చెప్పేటప్పుడు, ఆ భాషను నేర్పే పంతులు ముందు, మాధ్యమం తరువాత రావాలి. ఈసారీ క్రమం తిరగబడింది.

పంతుళ్ల భర్తీ ఏళ్లకేళ్లు ఆగడం ఇందుకు తోడైంది. తెలంగాణ రాష్ట్రం వచ్చాక 2017లో 8,792 ఉపాధ్యాయ ఉద్యోగాలకు, మళ్లీ 2024లో 11,062 ఉద్యోగాలకు డీఎస్సీ ప్రకటనలు వెలువడ్డాయి. నడిమి ఏళ్లలో కొంతకాలం విద్యా వాలంటీర్లు తక్కువ జీతంతో నెట్టుకొచ్చారు. కరోనా సమయంలో వాళ్లనూ ఆపేశారు. గణితం సారు లేని ఏడాది తొమ్మిదో తరగతిలో పడితే ఆ లోటు పదో తరగతి మార్కుల మెమోలో కనబడుతుంది.

పోటీ గురుకులాల నుంచి కూడా ఉంది. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేలులో మొదలైన గురుకుల ఆలోచన 2014 తరువాత వందలాది బడులుగా విస్తరించింది. ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష పెట్టి చురుకైన పిల్లల్ని అవి తీసుకుంటాయి. పేదింటి పిల్లకు గురుకులం వరం. ఆ పిల్ల వెళ్లిపోయిన తరగతిలో మిగిలిన ముప్పైమందికి మాత్రం పక్కన కూర్చుని లెక్క చెప్పే తోటిపిల్ల కరువైంది. 2024 అక్టోబరు 11న ఇదే జిల్లా కొందుర్గులో యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు శంకుస్థాపన జరిగింది. ఏ ప్రవేశ పరీక్షా లేకుండా వచ్చిన ప్రతి పిల్లనూ చేర్చుకునే మామూలు హైస్కూలుకు కూడా అంతే శ్రద్ధ, అంతే నిధులు న్యాయం.

పది తరువాత

పదో తరగతి పరీక్ష ఉమ్మడి రాష్ట్రంలో పదకొండు పేపర్లు. అప్పట్లో రెండో భాషగా హిందీకి 20 మార్కులొస్తే గట్టెక్కినట్టే. కరోనా వల్ల 2020లో పరీక్షలు మధ్యలో ఆపేసి, 2021లో అసలు పెట్టకుండా అందర్నీ పాస్ చేశారు. 2022 నుంచి తెలంగాణలో ఆరు పేపర్లు. గ్రామీణ పిల్లల కోసమే 2008లో పెట్టిన రాజీవ్‌గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయం, జనం మాటల్లో బాసర ట్రిపుల్ ఐటీ, పదో తరగతి ఫలితం మీదే సీట్లు ఇస్తుంది. గ్రేడు పాయింట్ల పద్ధతి ఉన్న కాలంలో సర్కారు బడి పిల్లలకు 0.4 అదనంగా కలిపేవారు. జిల్లా పరిషత్ బడి నుంచి ఆరేళ్ల ఇంజినీరింగు చదువుకు నేరుగా తెరిచిన దారి అది. మిగిలినవాళ్లు ప్రభుత్వ జూనియర్ కళాశాలకో, పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌కో, ఐటీఐకో వెళతారు. ఆడపిల్లలకు పది తరువాత రోజూ బస్సు దొరుకుతుందా లేదా అన్నదాన్ని బట్టి చదువు నిలుస్తుంది లేదా ఆగుతుంది. జాతీయ రహదారి మీది ఊళ్లకు బస్సులకు కొదవ లేదు. రోడ్డు వదిలి లోపలికి పోతే ఉన్న ఊళ్ల నుంచి కళాశాల వేళకు బస్సు నడపమన్న వినతిపత్రాలు ఇప్పటికీ డిపో మేనేజర్లకు చేరుతూనే ఉన్నాయి.